తీరప్రాంత నీటిలోని ఆనయాన్ల ఎలక్ట్రోక్రొమాటోగ్రఫీ విభజన: చేర్చిన లవణాల ప్రభావం

సారాంశం

క్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్ వంటి ఆనయాన్లను విద్యుత్ క్షేత్రంలో వేరుచేసే ఎలక్ట్రోక్రొమాటోగ్రఫీలో, వాహక ద్రావణానికి చేర్చే లవణం కేవలం విద్యుత్తును మోసే పదార్థం కాదు. ద్రావణ ప్రవాహం, ఒక్కొక్క అయాన్ చలనవేగం, వినిమయ పదార్థంపై అది నిలిచే కాలం, నాళికలో పుట్టే వేడి ఆ లవణం రకంపైన, గాఢతపైన ఆధారపడతాయి. నమూనాలో సహజంగా ఉన్న ఉప్పు కూడా ఇదే విభజనలో జోక్యం చేసుకుంటుంది. విశాఖపట్నం పరిధిలోని గోపాలపట్నం వంటి తీరసమీప ప్రాంతాల బావినీటిని పరీక్షించేటప్పుడు ఈ రెండు లవణాల నిష్పత్తిని గమనించకపోతే నైట్రేట్ విలువ తప్పుగా రావచ్చు, ఉప్పు మూలం కూడా తేలదు. ఈ ప్రభావాలు పనిచేసే తీరును, వాటిని అదుపులో ఉంచే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

సమస్య స్వరూపం

గోపాలపట్నం విశాఖ నగరానికి పడమటి దిక్కున, సింహాచలం కొండల దిగువన ఉంది. దానికి సమీపంలోని మేఘాద్రిగెడ్డ జలాశయం నగరానికి తాగునీటిని అందించే వనరులలో ఒకటి. ఆ గెడ్డ దిగువకు సాగి, 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు ఉన్న ఆటుపోట్ల ప్రాంతంలో కలుస్తుంది. కొండవాలు మంచినీరు, పట్టణ మురుగు, పొలాల ఎరువు, సముద్రపు ఉప్పు కొద్ది దూరంలోనే ఒకదానికొకటి ఎదురుపడే ప్రదేశమిది. ఇటువంటి చోట ఒక బావినీరు ఉప్పగా మారితే విస్తరణ శాస్త్రవేత్త ముందుకు రెండు ప్రశ్నలు వస్తాయి. నైట్రేట్ హద్దు దాటిందా అన్నది మొదటిది. ఆ ఉప్పు సముద్రం నుంచి వచ్చిందా, మురుగు నుంచి వచ్చిందా అన్నది రెండవది.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. క్లోరైడ్‌కు వాంఛనీయ పరిమితి 250 మిల్లీగ్రాములు; వేరే నీటి వనరు లేనప్పుడు 1000 వరకు అనుమతి ఉంది. నైట్రేట్‌ను కొలిచే పాత ఫినాల్ డైసల్ఫోనిక్ ఆమ్ల పద్ధతిలో క్లోరైడ్ ఎక్కువైతే నైట్రేట్ కొంత నష్టమై ఫలితం తక్కువగా వస్తుంది. అందుచేత ముందుగా సిల్వర్ సల్ఫేట్‌తో క్లోరైడ్‌ను తొలగించాలి. నైట్రేట్ ఎలక్ట్రోడుకూ క్లోరైడ్ ఆటంకమే. అంటే, ఏ బావులలో నైట్రేట్ సంగతి ఖచ్చితంగా తెలియాలో, ఆ ఉప్పు బావులలోనే సాధారణ పద్ధతులు బలహీనపడుతున్నాయి. అయాన్లను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసి కొలిచే పద్ధతుల అవసరం ఇక్కడ ఏర్పడుతుంది.

పద్ధతి మూలసూత్రం

విద్యుత్ క్షేత్రంలో ద్రవం కదలడాన్ని మొదట చూపించిన పదార్థం బంకమట్టి. 1809లో మాస్కోలో రాయిస్ తడి బంకమట్టిలో గాజుగొట్టాలు నిలిపి విద్యుత్తును పంపినప్పుడు, నీరు రుణ ధ్రువం వైపుకు, మట్టి రేణువులు ధన ధ్రువం వైపుకు కదిలాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో త్స్వెత్ అధిశోషక స్తంభంపై ఆకు వర్ణకాలను వేరుచేసి క్రొమాటోగ్రఫీకి పునాది వేశాడు. విద్యుత్ చలనాన్ని ప్రోటీన్ల విశ్లేషణకు సాధనంగా మలచిన టిసీలియస్ 1948లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ రెండు మార్గాలను ఒకే ప్రయోగంలో కలిపే ప్రయత్నాన్ని స్ట్రెయిన్ 1939లో ప్రకటించాడు. తరువాత లవణ ద్రావణంలో తడిపిన వడపోత కాగితంపై అకర్బన అయాన్లను వేరుచేయడం విస్తృతంగా సాగింది. 1981లో జోర్గెన్‌సన్, లూకాచ్‌లు సుమారు 75 మైక్రోమీటర్ల వ్యాసం గల గాజు కేశనాళికలలో విద్యుత్ విభజన జరిపిన తరువాత, ఆ నాళికలను వినిమయ రేణువులతో నింపి వాడే నేటి రూపం అభివృద్ధి చెందింది.

ఈ పద్ధతిలో ఒక ఆనయాన్‌పై మూడు ప్రభావాలు ఏకకాలంలో పనిచేస్తాయి. మొదటిది, విద్యుత్ క్షేత్రం దాన్ని ధన ధ్రువం వైపుకు లాగుతుంది. రెండవది, గోడల వెంట పుట్టే విద్యుత్ ద్రవాభిసరణ ప్రవాహం మొత్తం ద్రావణాన్ని ఒక దిక్కుకు నడిపిస్తుంది. మూడవది, నాళికలోని ధనావేశ వినిమయ పదార్థం ఆ అయాన్‌ను కొంతసేపు పట్టి నిలుపుతుంది. ఈ మూడింటి మొత్తంలో రెండు అయాన్ల మధ్య ఏర్పడే తేడాయే విభజన. చేర్చిన లవణం మూడింటినీ మారుస్తుంది, అయితే ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క మేరకు మారుస్తుంది.

ద్విస్తరం, ద్రావణ ప్రవాహం

ఆవేశం గల ఏ ఉపరితలం పక్కనైనా వ్యతిరేక ఆవేశపు అయాన్లు గుమిగూడి విద్యుత్ ద్విస్తరం ఏర్పడుతుంది. బంకరేణువు చుట్టూ ఉండే పొర, నాళిక గోడ పక్కన ఉండే పొర ఒకే జాతికి చెందినవి. కారు చౌడు నేలలో సోడియం వల్ల ఈ పొర మందంగా పరచుకొని రేణువులు విడిపోతాయి. జిప్సం వేసినప్పుడు కాల్షియం ఆ పొరను కుదించి రేణువులను దగ్గరకు చేరుస్తుంది. నాళికలోనూ లవణం చేసే పని ఇదే.

సోడియం క్లోరైడ్ వంటి లవణం 1 మిల్లీమోలార్ గాఢతలో ఉన్నప్పుడు ద్విస్తరం మందం సుమారు 9.6 నానోమీటర్లు. గాఢత 10 మిల్లీమోలార్ అయితే 3 నానోమీటర్లు, 100 మిల్లీమోలార్ అయితే 1 నానోమీటరు కంటే కొద్దిగా తక్కువ. గాఢత నాలుగింతలైతే మందం సగమవుతుంది. పొర కుదించుకుపోయిన కొద్దీ గోడ పక్కన పనిచేసే విద్యుత్ పొటెన్షియల్ తగ్గి, ద్రావణ ప్రవాహం మందగిస్తుంది. లవణం మరీ తక్కువైనా చిక్కే. వినిమయ రేణువుల సన్నని రంధ్రాలలో ఎదురెదురు గోడల పొరలు ఒకదానిపై ఒకటి పడి, అక్కడ ప్రవాహం దాదాపు నిలిచిపోతుంది. కనుక లవణ గాఢతకు పై హద్దుతోపాటు కింది హద్దు కూడా ఉంది.

ప్రవాహ దిశ కూడా ముఖ్యమే. మామూలు సిలికా గోడ రుణావేశం కలది. దాని వెంట ద్రవం రుణ ధ్రువం వైపుకు పోతుంది, ఆనయాన్లకు ఎదురీత తప్పదు. సెటిల్ ట్రైమిథైల్ అమ్మోనియం వంటి లవణాన్ని స్వల్పంగా చేర్చితే అది గోడపై అధిశోషణం చెంది ఆవేశాన్ని తారుమారు చేస్తుంది. అప్పుడు ప్రవాహమూ ఆనయాన్లూ ఒకే దిక్కుకు సాగి, విశ్లేషణ కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ఆ లవణం బ్రోమైడ్ రూపంలో ఉంటే నమూనాలోని బ్రోమైడ్‌ను కొలవడం సాధ్యం కాదన్నది విద్యార్థులు తరచుగా మరచిపోయే విషయం.

అయాన్ చలనవేగం

అత్యల్ప గాఢతలో, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, తుల్యాంక విద్యుద్వాహకతలు ప్రామాణిక ప్రమాణాలలో ఇలా ఉంటాయి: సల్ఫేట్ 80.0, బ్రోమైడ్ 78.1, క్లోరైడ్ 76.3, నైట్రేట్ 71.4, ఫ్లోరైడ్ సుమారు 55. ఈ అంకెలను మాత్రమే చూస్తే సల్ఫేట్ అన్నిటికంటె ముందు రావాలి. కాని 5 మిల్లీమోలార్ క్రోమేట్ లవణం గల సాధారణ వాహక ద్రావణంలో బ్రోమైడ్, క్లోరైడ్ ముందు వస్తాయి. సల్ఫేట్ వాటి వెనుక వస్తుంది.

కారణం లవణమే. ద్రావణంలో ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక ఆవేశపు అయాన్ల మేఘం ఉంటుంది. అయాన్ ముందుకు సాగితే మేఘం వెనక్కు లాగుతుంది. లవణ గాఢత పెరిగిన కొద్దీ ఈ లాగుడు బలపడుతుంది. రెండు ఆవేశాలు గల సల్ఫేట్‌పై అది ఒకే ఆవేశం గల క్లోరైడ్‌పై కంటె చాలా ఎక్కువ. దీనికి తోడు కాల్షియం, మెగ్నీషియం ఉన్న కఠినజలంలో సల్ఫేట్‌లో కొంత భాగం వాటితో జంటకట్టి ఆవేశం లేని రూపంలో మరింత వెనుకబడుతుంది. అందువల్ల లవణ గాఢతను మార్చి సల్ఫేట్ స్థానాన్ని కావలసిన చోటికి జరపవచ్చు. క్లోరైడ్, నైట్రేట్‌ల వంటి ఒకే ఆవేశపు అయాన్ల మధ్య ఇదే ఉపాయం అంతగా పనిచేయదు. వాటికి వినిమయ పదార్థం సహాయం అవసరం.

వినిమయ స్థానాలకు పోటీ

వినిమయ పదార్థంపై ఉన్న ధనావేశ స్థానాలకు నమూనా అయాన్లు, చేర్చిన లవణపు ఆనయాన్లు పోటీపడతాయి. నేలలో ఫాస్ఫేట్‌ను మరొక ఆనయాన్ స్థానభ్రంశం చెందించడం వంటిదే ఈ ప్రక్రియ. ఏక ఆవేశపు పోటీ లవణం గాఢతను రెట్టింపు చేస్తే క్లోరైడ్, నైట్రేట్‌ల నిలుపుదల గుణకం సగమవుతుంది. సల్ఫేట్ నిలుపుదల గుణకం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆవేశాల నిష్పత్తి ఘాతాంకంగా పనిచేయడమే ఇందుకు హేతువు. ఫలితంగా గాఢతను ఒక మేరకు పెంచినప్పుడు సల్ఫేట్, నైట్రేట్‌ల క్రమం తారుమారు కావచ్చు. ప్రామాణిక ద్రావణంతో శిఖరాలను గుర్తించి, తరువాత లవణ గాఢతను మార్చి, పాత గుర్తులనే వాడితే ఒక అయాన్‌ను మరొకటిగా భ్రమించే ప్రమాదం ఉంది.

లవణపు ఆనయాన్ స్వభావమూ లెక్కలోకి వస్తుంది. 1888లో ప్రాగ్‌లో హోఫ్‌మైస్టర్ ప్రోటీన్లపై గమనించిన లవణాల శ్రేణి ఇక్కడా కనిపిస్తుంది. నీటి అణువులను గట్టిగా పట్టుకొనే ఫ్లోరైడ్ వినిమయ స్థానాలపై ఎక్కువసేపు నిలవదు. నీటిని వదులుగా పట్టుకొనే నైట్రేట్, అయొడైడ్, పెర్‌క్లోరేట్ ఎక్కువసేపు నిలుస్తాయి. కనుక పెర్‌క్లోరేట్ లవణం స్వల్పంగా చేర్చినా నైట్రేట్ త్వరగా బయటపడుతుంది. అదే పని క్లోరైడ్ లవణంతో జరగాలంటే ఎక్కువ గాఢత కావాలి. విద్యుత్ చలనంలో దాదాపు సమానమైన నైట్రైట్, నైట్రేట్‌లు వినిమయ పదార్థంపై స్పష్టంగా విడిపోవడానికి కారణం కూడా ఇదే.

వేడి

లవణం పెరిగితే విద్యుద్వాహకత, దానితో విద్యుత్ ప్రవాహం, వేడి పెరుగుతాయి. వోల్టేజిని రెట్టింపు చేస్తే వేడి నాలుగింతలవుతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే అయాన్ చలనవేగం సుమారు 2 శాతం పెరుగుతుంది. నాళిక మధ్యభాగం గోడ కంటె వేడిగా ఉంటే ఒకే అయాన్ రెండు వేగాలతో సాగి, శిఖరం వెడల్పవుతుంది. లవణపు కాటయాన్ ఎంపిక ఇక్కడ ఉపకరిస్తుంది. విద్యుద్వాహకత మీటరును సరిచూసేందుకు వాడే 10 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం 25 డిగ్రీల వద్ద 1.41 డెసిసీమెన్లు చూపుతుందని మృత్తికా విద్యార్థులందరికీ తెలుసు. అంతే గాఢత గల సోడియం క్లోరైడ్ సుమారు 1.18, లిథియం క్లోరైడ్ ఇంకా తక్కువ చూపుతాయి. పోటీకి కావలసిన ఆనయాన్ అంతే ఉంచి, పొటాషియంకు బదులు లిథియం లవణం వాడితే తక్కువ వేడితో అదే విభజన లభిస్తుంది.

నమూనాలోని లవణం

ఇంతవరకు చెప్పినది విశ్లేషకుడు తెలిసి చేర్చే లవణం సంగతి. నమూనాతో వచ్చే లవణం అతని ఎంపికలో లేనిది. నమూనా వాహక ద్రావణం కంటె తక్కువ ఉప్పదనం కలదైతే, ఆ చిన్న భాగంలో విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. అయాన్లు అక్కడి నుంచి వేగంగా వచ్చి, వాహక ద్రావణం సరిహద్దులో నెమ్మదించి, సన్నని పట్టీగా పోగవుతాయి. శిఖరం నిటారుగా వస్తుంది. నమూనా ఎక్కువ ఉప్పదనం కలదైతే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. క్షేత్రం బలహీనపడి అయాన్లు చెదురుతాయి, శిఖరం చదునవుతుంది, క్లోరైడ్ వెనుకనే వచ్చే నైట్రేట్ దాని తోకలో మునిగిపోతుంది.

ఈ ఇబ్బందిని అధిగమించడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది నమూనాను పలుచన చేయడం. రెండవది వెండి రూపంలో ఉన్న వినిమయ పదార్థం గుండా పంపి క్లోరైడ్‌ను తొలగించడం. అయితే దానితో బ్రోమైడ్ కూడా పోతుంది. మూడవది వాహక ద్రావణానికే సోడియం క్లోరైడ్‌ను చేర్చి నమూనాతో సమానం చేయడం. సముద్రజలంలోని నైట్రేట్, బ్రోమైడ్‌లను కొలవడానికి కృత్రిమ సముద్రజలాన్నే వాహక ద్రావణంగా వాడిన పరిశోధనలు ఈ మూడవ మార్గానివే. నైట్రేట్, నైట్రైట్, బ్రోమైడ్‌లు 200 నుంచి 215 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. ఆ ప్రాంతంలో క్లోరైడ్, సల్ఫేట్ దాదాపు పారదర్శకం. కాబట్టి నేపథ్యమంతా క్లోరైడ్ ఉన్నా, దాని మధ్య నైట్రేట్, బ్రోమైడ్ నేరుగా కనిపిస్తాయి. ఆటంకంగా ఉన్న లవణాన్నే చేర్చి ఆ ఆటంకాన్ని తొలగించడం ఈ మార్గంలోని కిటుకు.

ఒక లెక్క

విషయం స్పష్టం కావడానికి గోపాలపట్నం వంటి చోటి బావి నుంచి ఒక నమూనా వచ్చిందని, అందులో లీటరుకు క్లోరైడ్ 350 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు ఉన్నాయని అనుకొందాం. మోలార్ లెక్కలో క్లోరైడ్ 9.9 మిల్లీమోలార్, నైట్రేట్ 0.8 మిల్లీమోలార్. సముద్రజలంలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. కనుక రెండు శాతం లోపు సముద్రజలం కలిసినా బావిలో ఇంత క్లోరైడ్ రాగలదు. మురుగు వల్ల కూడా రాగలదు. క్లోరైడ్ అంకె ఒక్కటే ఈ భేదాన్ని చెప్పదు.

భేదాన్ని చెప్పగలిగేది బ్రోమైడ్. సముద్రజలంలో క్లోరైడ్, బ్రోమైడ్‌ల బరువు నిష్పత్తి సుమారు 288. కాబట్టి ఉప్పంతా సముద్రం నుంచే వస్తే బావిలో బ్రోమైడ్ సుమారు 1.2 మిల్లీగ్రాములు, సల్ఫేట్ సుమారు 49 మిల్లీగ్రాములు ఉండాలి. మురుగులోని ఉప్పు ప్రధానంగా వంటింటి ఉప్పు. నౌపడ వంటి చోట్ల మడులలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు బ్రోమైడ్‌లో అధికభాగం అడుగున మిగిలే చేదునీటిలోనే ఉండిపోతుంది. అందుచేత మురుగు మూలమైనప్పుడు నిష్పత్తి 288 కంటె బాగా ఎక్కువగా వస్తుంది.

ఈ నమూనాను 5 మిల్లీమోలార్ క్రోమేట్ ద్రావణంలో నేరుగా ప్రవేశపెట్టితే, నమూనా ఉప్పదనం వాహక ద్రావణాన్ని మించవచ్చు. నైట్రేట్ శిఖరం చెదురుతుంది. పదింతలు పలుచన చేస్తే నైట్రేట్ 5 మిల్లీగ్రాములై చక్కగా కొలవవచ్చు. కాని బ్రోమైడ్ 0.12 మిల్లీగ్రాములకు తగ్గి, దానికంటె వందల రెట్లున్న క్లోరైడ్ పక్కన గుర్తించడం కష్టమవుతుంది. కనుక ఒకే నమూనాకు రెండు పరీక్షలు అవసరం. పలుచన నమూనాను క్రోమేట్ ద్రావణంలో నడిపి క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్‌లను కొలవాలి. పలుచన చేయని నమూనాను సోడియం క్లోరైడ్ చేర్చిన ద్రావణంలో నడిపి బ్రోమైడ్‌ను, మళ్లీ నైట్రేట్‌ను కొలవాలి. రెండు పరీక్షలలోనూ నైట్రేట్ ఒకే విలువకు దగ్గరగా వస్తే ఫలితాన్ని విశ్వసించవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

బావి వద్దనే విద్యుద్వాహకతను కొలిచి నమూనా సీసాపై రాయాలి. ఎంత పలుచన చేయాలో నిర్ణయించేది ఆ అంకెయే. నమూనాను శుభ్రమైన పాలిథీన్ సీసాలో నిండుగా పట్టి, 4 డిగ్రీల వద్ద ఉంచి, వీలైనంత త్వరగా పరీక్షించాలి. ఆలస్యమైతే సూక్ష్మజీవులు నైట్రైట్, నైట్రేట్‌లను మారుస్తాయి. లోహాల పరీక్షకు చేసినట్లు నైట్రిక్ ఆమ్లం చేర్చరాదు. వినిమయ నాళికలోకి పంపే ముందు నమూనాను సన్నని పొరతో వడపోయాలి.

ప్రామాణిక ద్రావణాలను స్వేదనజలంలో మాత్రమే కాక, నమూనాకు సమానమైన క్లోరైడ్ చేర్చిన నీటిలోనూ తయారుచేసి పోల్చాలి. నమూనాకు తెలిసిన మోతాదులో నైట్రేట్‌ను చేర్చి, ఆ పెరుగుదల పూర్తిగా కనబడుతున్నదో లేదో చూడాలి. నివేదికలో లవణం పేరు, గాఢత, కాటయాన్, ఉష్ణోగ్రత తప్పక నమోదు చేయాలి. అవి లేని శిఖర సమయం మరొక ప్రయోగశాలకు ఉపయోగపడదు. ఫలితం నైట్రేట్ రూపంలోనా, నత్రజని రూపంలోనా అన్నది స్పష్టంగా రాయాలి. 45 మిల్లీగ్రాముల నైట్రేట్ సుమారు 10.2 మిల్లీగ్రాముల నత్రజనికి సమానం. ఈ రెంటినీ పొరపడితే ఫలితం నాలుగింతలకు పైగా మారిపోతుంది.

ముగింపు

పైన లెక్కించిన నీటిని సాగుకు వాడితే, హెక్టారుకు 10 సెంటీమీటర్ల తడి ఇచ్చిన ప్రతిసారీ సుమారు 11 కిలోల నత్రజని, 350 కిలోల క్లోరైడ్ పొలంలోకి చేరతాయి. ఆ నత్రజనిని ఎరువు మోతాదులో తగ్గించవచ్చు. క్లోరైడ్ మాత్రం, సున్నితమైన పంటలకు ఉపరితల తడులలో స్వల్పం నుంచి ఓ మోస్తరు ఆంక్షలు అవసరమని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు సూచించే హద్దులోనే ఉంది. ఉప్పు వల్ల శిఖరం చెదిరి నైట్రేట్ తక్కువగా నమోదైతే రైతు అదనంగా యూరియా వేస్తాడు. అది మళ్లీ అదే బావిలోకి ఇంకుతుంది. తాగే కుటుంబానికి ఆ నీరు సురక్షితమని తప్పుడు భరోసా లభిస్తుంది. ఉప్పు మూలం సముద్రమైతే తోడకం తగ్గించి, భూగర్భంలోకి మంచినీరు ఇంకేలా చూడాలి; మురుగైతే కాలువలను బాగుచేయాలి. ఒక సలహా మరొక సమస్యను తీర్చదు.

ఎలక్ట్రోక్రొమాటోగ్రఫీలో ఏ లవణమూ తటస్థం కాదు. తగిన రకం, తగిన గాఢతలో చేర్చితే అదే ఆనయాన్లను విడదీస్తుంది. గమనించకుండా వదిలితే అదే వాటిని కలిపేస్తుంది. తీరప్రాంత నీటిని పరీక్షించే విశ్లేషకుడు ముందుగా నమూనాలోని ఉప్పును కొలిచి, దానికి తగినట్లు చేర్చవలసిన ఉప్పును నిర్ణయించుకోవాలి. ఆ తరువాత వచ్చే నైట్రేట్ విలువపైనే రైతుకు, గ్రామానికి ఇచ్చే సలహా నిలబడుతుంది.